ప్లేడే నాడు గని దిగినవారు

తెలంగాణ బొగ్గు గనుల చరిత్ర రాసినవారు ఎక్కువగా మూడు ఆధారాల మీద నిలబడి రాశారు: నేల కింద బొగ్గు పొరలు ఎక్కడ, ఎంత మందాన ఉన్నాయో చెప్పే భూవిజ్ఞాన నివేదికలు, ఏటా ఎన్ని టన్నులు పైకి వచ్చాయో చూపే ఉత్పత్తి లెక్కలు, తట్టా చెమ్మస్‌తో (బుట్ట, పారతో) బొగ్గు ఎత్తిన కార్మికుల పోరాట జ్ఞాపకాలు. ఈ మూడింటికీ అవసరమైనవాడై ఉండీ, మూడింటిలోనూ దాదాపు కనిపించకుండా పోయిన మనిషి ఒకరున్నారు. నీటిని తోడే పంపు, గాలిని నడిపే ఫ్యాను, బొగ్గు నింపిన టబ్బులను లాగే ఇనుప తాడు, బొగ్గును మోసే బెల్టు, వీటన్నింటికీ కరెంటు అందించే కేబుళ్లు, స్విచ్చులు సవ్యంగా ఉన్నాయని ప్రతి షిఫ్టుకూ పూచీపడే నిర్వహణ ఇంజనీరు ఆయన. ఎలక్ట్రికల్, మెకానికల్ పనులు రెండూ చూసే ఈ శాఖను సింగరేణిలో ‘ఇ అండ్ ఎం’ అంటారు. గనిని ‘బాయి’ అని పిలుచుకునే కార్మికులకు ఆ శాఖ అధికారి ‘ఇంజనీరు సారు’.

ఆ తరం ఇంజనీర్లు ఇప్పుడు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. 1960లు, 70లు, 80లలో ఉద్యోగంలో చేరి, కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనుల్లో మూడు దశాబ్దాలకు తక్కువ కాకుండా పనిచేసి, పదవీ విరమణ తర్వాత పిల్లల చదువుల కోసమో వైద్య సదుపాయాల కోసమో హైదరాబాద్ చేరినవారిలో కొందరు తార్నాక, హబ్సిగూడ, నాచారం వీధుల్లో స్థిరపడ్డారు. అలాంటి వారిలో ఒకరు కాలం చేసినప్పుడు బంధువులు, పాత సహోద్యోగులు కలిసి సంస్మరణ సభ పెడతారు. మితభాషి, నిరాడంబరుడు, స్నేహశీలి, అజాతశత్రువు అనే మాటలు ఆ సభలో తప్పకుండా వినిపిస్తాయి. అవి నిజమే అయివుండవచ్చు. అయితే అవే మాటలు ఒక బ్యాంకు అధికారికీ, ఒక ఉపాధ్యాయుడికీ సరిపోతాయి కనుక, గని కింద ఆయన చేసిన పని ఏమిటో, ఆయన మాట మీద నమ్మకంతో ఎందరు ప్రతిరోజూ చీకట్లోకి దిగారో వాటి వల్ల తెలియదు. గని నిర్వహణ ఇంజనీరును గౌరవంగా తలచుకోవడమంటే ఆయన వృత్తి నిర్ణయాలను పేరుపేరునా తలచుకోవడమేననీ, ఆ పని చేయగలిగినవారు ఆయన చిరకాల మిత్రులేననీ ఈ కథనం భావిస్తుంది.

తార్నాకకూ బొగ్గుకూ ఉన్న బంధం

ఇలాంటి జ్ఞాపకాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానికి ఆనుకున్న తార్నాక వేదిక కావడం యాదృచ్ఛికం కాదు, ఎందుకంటే నగరంలోని ఈ తూర్పు భాగం మొదటి నుంచీ యంత్రాలతోనూ, బొగ్గుతోనూ ముడిపడి ఎదిగింది. నిజాం కాలపు రైల్వే 1893లో నెలకొల్పిన లాలాగూడ వర్క్‌షాపు తార్నాకకు కూతవేటు దూరంలో ఉంది. బండ్లను విప్పి, అరిగిన భాగాలను మార్చి, మళ్లీ పట్టాల మీదకు పంపే నైపుణ్యం ఈ చుట్టుపక్కల బస్తీల్లో మూడు నాలుగు తరాలుగా జీవనాధారం. ఆ రైళ్లను నడిపిన ఆవిరి యంత్రాలకు బొగ్గు సింగరేణి నుంచే వచ్చేది. 1871లో భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడం, 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వక హక్కులు పొందడం, 1889లో ఉత్పత్తి మొదలుకావడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించడం, 1945లో హైదరాబాద్ ప్రభుత్వం అందులో అధిక వాటా కొనడం, ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయాలే.

అంతగా తెలియనిది ప్రయోగశాలల పాత్ర. ప్రస్తుతం భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పిలిచే పరిశోధనాలయం 1944లో హైదరాబాద్ సంస్థానపు కేంద్ర ప్రయోగశాలగా పుట్టి, 1956లో రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీగా మారింది. తార్నాకవాసులు దాన్ని చాలాకాలం ‘ఆర్‌ఆర్‌ఎల్’ అనే పిలిచారు. ఆ సంస్థకు తొలి దశలో నాయకత్వం వహించిన డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ బొగ్గు పరిశోధనకు పెద్దపీట వేశారు. గాలి తగలకుండా బొగ్గును తక్కువ ఉష్ణోగ్రత దగ్గర వేడిచేసి, పొగ రాని వంటబొగ్గును, తారును, వాయువును విడదీసే ‘కార్బొనైజేషన్’ ప్రక్రియను అక్కడి శాస్త్రవేత్తలు సింగరేణి బొగ్గుకు తగినట్టు రూపొందించగా, దాని ఆధారంగా మంచిర్యాల ప్రాంతంలో ఒక కర్మాగారం నడిచింది. కాస్త అవతల, ఉప్పల్ దారిలో, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ రాతి పొరల స్వభావాన్ని పైనుంచే అంచనా వేసే పద్ధతుల మీద పనిచేస్తూ వచ్చింది.

ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల 1929లో మొదలైంది. మొదటి రెండు దశాబ్దాలు అక్కడ ఇంజనీరింగ్‌ను ఉర్దూలో బోధించారు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక ఇంగ్లీషు వచ్చింది. బొగ్గు ప్రాంతంలోనే మైనింగ్ చదువు ఉండాలన్న ఉద్దేశంతో 1970ల్లో కొత్తగూడెంలో మొదలైన గనుల కళాశాల కూడా తొలుత ఉస్మానియా పరిధిలోదే. అది తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయానికి మారి, 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది. మైనింగ్ చదివినవారు గని మేనేజర్లు కావడానికి కొత్తగూడెం దారి తెరవగా, వారి పక్కన నిలబడి యంత్రాలు చూసుకోవలసిన ఎలక్ట్రికల్, మెకానికల్ పట్టభద్రులు ఉస్మానియా, వరంగల్, కాకినాడ వంటి కళాశాలల నుంచి వెళ్లారు. ఇరవై రెండేళ్ల వయసులో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని పరీక్షలకు చదివినవారు డెబ్బై ఏళ్ల వయసులో అదే ప్రాంగణంలోకి ఉదయపు నడకకు రావడం తార్నాకలో కొత్త విషయం కాదు.

పంపు ఆగితే ఏమవుతుంది

నిర్వహణ ఇంజనీరు విలువ తెలియాలంటే గనిలో నీటి సంగతి తెలియాలి. గోదావరి లోయలోని బొగ్గు పొరల పైన, కింద ఇసుకరాళ్లు ఉంటాయి. వాటి రంధ్రాల్లో నిలిచిన నీరు తవ్విన ప్రతి ఖాళీలోకీ ఊరుతుంది. అందువల్ల భూగర్భ గనిలో ఒక టన్ను బొగ్గు తీయడానికి అనేక టన్నుల నీటిని తోడిపోయవలసి వస్తుంది. ఆ నీరు వాలు వెంట పారి గని అడుగున కట్టిన పెద్ద గుంటలో చేరుతుంది. దాన్ని ‘సంప్’ అంటారు. అక్కడి నుంచి వందల అడుగుల ఎత్తుకు నీటిని నెట్టడానికి ఒకే ఇరుసు మీద అనేక చక్రాలు వరుసగా బిగించిన బహుదశల పంపు కావాలి. పంపు మొదలుపెట్టేముందు దాని కడుపులోని గాలినంతా తీసి నీటితో నింపాలి, లేకపోతే చక్రాలు తిరుగుతాయే గాని నీరు ఎక్కదు. మోటారు ఇరుసూ పంపు ఇరుసూ ఒకే సరళరేఖలో లేకపోతే బేరింగులు వేడెక్కుతాయి. అకస్మాత్తుగా కరెంటు పోతే, గొట్టంలో ఎత్తుగా నిలిచిన నీటి స్తంభం మొత్తం వెనక్కి దూకుతుంది. దాన్ని ఆపే ఏకముఖ కవాటం ఆ క్షణంలో సరిగా మూసుకోకపోతే గొట్టమో పంపు పెంకో పగలవచ్చు.

కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కనుక, మంచి ఇంజనీరు ఆ కవాటాన్ని అది అవసరం లేని రోజున విప్పి చూస్తాడు. విప్పడానికి పంపును ఆపాలి. ఆపితే నీరు పెరుగుతుంది. నీరు పెరిగితే బొగ్గు కోసే చోటు మునుగుతుంది. మునిగితే ఆ షిఫ్టు ఉత్పత్తి పోతుంది. పైన ఏరియా కార్యాలయం లెక్కలో అది యంత్రం ఆగిన గంటల కింద నమోదవుతుంది. కవాటం అరిగిపోయి ఉండగా ముందే గుర్తించి మార్చినందువల్ల తప్పిన ముంపు మాత్రం ఏ పట్టికలోనూ నమోదు కాదు, ఎందుకంటే జరగని దానికి గడి ఉండదు. నిర్వహణ శాఖ శ్రమ చరిత్రకు ఎక్కకపోవడానికి మూలకారణం ఇక్కడ ఉంది: ఆ శాఖ ఖర్చు కాగితం మీద కనిపిస్తుంది, దాని ఫలితం కనిపించదు.

ఈ శాఖ క్యాలెండరు కూడా మిగతా గనికి తిరగబడి ఉంటుంది. వారాంతపు సెలవును బొగ్గు ప్రాంతంలో ‘ప్లేడే’ అంటారు. బొగ్గు కోసేవారికి, నింపేవారికి అది విశ్రాంతి దినం; ఫిట్టరుకూ, ఎలక్ట్రీషియనుకూ, వారి ఇంజనీరుకూ అది అసలు పనిదినం. బెల్టు ఆగి ఉన్నప్పుడే దాని అతుకు మార్చగలరు, టబ్బులను లాగే హాలేజి యంత్రం నిలిచినప్పుడే తాడును అంగుళం అంగుళం చూడగలరు, ఫీడర్‌కు కరెంటు తీసేసినప్పుడే స్విచ్‌గేర్ పెట్టె తెరవగలరు. పండుగలకూ అదే వరస. దసరా నాడు ఆయుధపూజ చేసి కొబ్బరికాయ కొట్టిన యంత్రం దగ్గరే మధ్యాహ్నం దాకా మరమ్మతు చేసి ఇంటికి వెళ్లిన కుటుంబపెద్దల జ్ఞాపకాలు సింగరేణి కాలనీల్లో పెరిగిన పిల్లలకు కొత్తవి కావు. ఆ ఇంజనీర్ల భార్యాపిల్లలు వదులుకున్న ఆదివారాలను కూడా సంస్మరణ సభలో ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక్క బోల్టు

గనిలో నీటి కంటే ఎక్కువ భయపెట్టేది వాయువు. బొగ్గు పొరల నుంచి వెలువడే మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే విద్యుత్ భద్రతా నిబంధనలు, ఎక్కడైనా మీథేన్ 1.25 శాతం మించితే అక్కడి యంత్రాలకు వెంటనే సరఫరా ఆపాలని చెబుతాయి. అంతకుముందే రక్షణగా నిలిచేది, స్విచ్చులు ఉండే ‘ఫ్లేమ్‌ప్రూఫ్’ పెట్టె. లోపలికి వాయువు రాకుండా ఆపే పెట్టె అదని చాలామంది అనుకుంటారు. నిజానికి వాయువు లోపలికి వెళుతుంది, లోపల రవ్వ పుడితే అక్కడ చిన్న పేలుడు కూడా జరుగుతుంది. ఆ మంట మూత అంచుకూ పెట్టె అంచుకూ మధ్య ఉన్న అతి సన్నని, వెడల్పైన లోహపు సందు గుండా బయటికి వచ్చేలోపు చల్లబడి ఆరిపోయేట్టు ఆ పెట్టెను తయారుచేస్తారు. అంటే ఆ సందు కొలతే ప్రాణరక్షణ. మూతకున్న బోల్టుల్లో ఒక్కటి లేకపోయినా, ఒక్కటి వదులుగా ఉన్నా, అంచు మీద తుప్పో గీతో ఉన్నా సందు పెరుగుతుంది, మంట ఆరకుండా బయటి వాయువును అందుకోవచ్చు.

ఇంజనీరు ఒక్క బోల్టు దగ్గర ఎందుకంత పట్టుబడతాడో దీన్నిబట్టి తెలుస్తుంది. సన్నని ఉక్కు రేకులతో చేసిన కొలబద్దను ఆ అంచుల మధ్య దూర్చి చూసి, అది దూరితే యంత్రాన్ని అక్కడికక్కడే ఆపించే అధికారి, ఆ పూట ఉత్పత్తి చూసుకునే అధికారులకు నచ్చడు. అలా ఆపించిన ఘటనలు మిత్రులకు తేదీలతో సహా గుర్తుంటాయి. సంస్మరణ సభలో చెప్పవలసిన ప్రశంస అదే. నిబంధనల పుస్తకం అందరికీ ఒకటే అయినప్పటికీ, రాత్రి షిఫ్టు మధ్యలో, పైఅధికారి ఫోను మీద ఉండగా, దాన్ని అమలుచేసే ధైర్యం అందరికీ ఒకేలా ఉండదు.

ఇనుప తాడు విషయమూ అంతే. నిలువు బావి గనుల్లో మనుషులను దించే పంజరం ఒక్క తాడు మీద వేలాడుతుంది. ఆ తాడు కొస పంజరానికి కలిసేచోటును ‘క్యాపెల్’ అంటారు. కుదుపులన్నీ ముందు అక్కడే పడతాయి కనుక కనీసం ఆరు నెలలకొకసారి ఆ కొసను కోసి, కోసిన ముక్కను విప్పి లోపలి తీగలు ఎలా ఉన్నాయో చూసి, కొత్తగా క్యాపెల్ వేయాలి. తాడు ఎంత బాగా కనిపించినా మూడున్నరేళ్లు దాటి మనుషులను దించడానికి వాడకూడదన్నది బొగ్గు గనుల నిబంధన. సింగరేణిలో ఏటవాలు సొరంగాలే, అంటే ఇంక్లైన్లే, ఎక్కువ. అక్కడ తాడు టబ్బులను లాగుతుంది. తాడు తెగినా, కొక్కెం ఊడినా టబ్బుల వరుస వాలు వెంట కిందికి దూసుకుపోతుంది. అందుకే దారిలో అడ్డుకట్టలు, పట్టాలు తప్పించే మీటలు పెడతారు. ఇవి నెలల తరబడి వాడకంలోకి రాని పరికరాలు. వాడకం లేని పరికరం తుప్పు పట్టడం, బిగుసుకుపోవడం సహజం కనుక, వాటిని వారం వారం కదిపి చూడడం నిర్వహణలో కష్టమైన భాగం.

యంత్రాలు మారుతున్నకొద్దీ ఈ పని బరువు పెరిగింది. సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైంది. 1983లో గోదావరిఖని 7వ గనిలో లాంగ్‌వాల్ వచ్చింది. పొడవైన బొగ్గు గోడ వెంట కోత యంత్రం అటూ ఇటూ పరుగెత్తుతుంటే, పైకప్పును హైడ్రాలిక్ ఆధారాలు మోస్తూ యంత్రంతోపాటు ముందుకు జరిగే పద్ధతి అది. ఆ పద్ధతిలో రోజులో ఒక షిఫ్టును నిర్వహణకే కేటాయించడం ఆనవాయితీ అయింది, దానితో తట్టా చెమ్మస్ కాలంలో పంపు, హాలేజి వరకే పరిమితమైన శాఖ గనికి గుండెకాయ అయింది. 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ గని ఉత్పత్తి ప్రారంభించే నాటికి, తొలి లాంగ్‌వాల్ ఇబ్బందులను చేతులతో తడిమి నేర్చుకున్న ఇంజనీర్లలో చాలామంది రిటైరయ్యారు. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు దాదాపు 40 వేలకు తగ్గారు; మరోవైపు 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను పూడ్చినవి యంత్రాలే కనుక, వాటిని నిలబెట్టినవారి చరిత్ర లేకుండా సింగరేణి చరిత్ర పూర్తికాదు.

పగలు వాదం, సాయంత్రం స్నేహం

గనుల నిబంధనల ప్రకారం గని మొత్తానికి బాధ్యుడు మేనేజరు. ఆయనకు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పరీక్ష పెట్టి ఇచ్చే ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉండాలి. నిర్వహణ ఇంజనీరు ఆయన కింద పనిచేస్తాడు గాని, యంత్రం సురక్షితమా కాదా అన్న ప్రశ్నకు జవాబు ఇంజనీరే చెప్పాలి. మేనేజరుకు బొగ్గు కావాలి, ఇంజనీరుకు సమయం కావాలి. ఈ రెండూ ఒకే ఇరవైనాలుగు గంటల్లోంచి రావాలి. అందుకే ఉదయపు సమావేశంలో ఇద్దరి మధ్య వాదన మొదలవుతుంది. అదే ఇద్దరు కంపెనీ కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో ఉంటారు, వాళ్ల పిల్లలు ఒకే బడికి వెళతారు, సాయంత్రం క్లబ్బులో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వృత్తిపరమైన విభేదాన్ని ఇంటిదాకా మోయకుండా, అలాగని స్నేహం కోసం విభేదాన్ని మింగేయకుండా దశాబ్దాలు గడపడం ఆ ఊళ్లలో ఒక జీవన పద్ధతిగా స్థిరపడింది. పెద్ద నగరాల్లో ఇది సులువుగా సాధ్యంకాదు, ఎందుకంటే అక్కడ పనిచేసేచోటూ నివసించేచోటూ వేర్వేరు.

ఇంకో స్నేహం ఉంది, దాన్ని గురించి తక్కువ మాట్లాడతారు. ఇంజనీరుకు తన ఫోర్‌మన్‌తో, ఫిట్టరుతో, పంపు ఖలాసీతో ఉండే బంధం అది. పుస్తకంలో బేరింగు ఉష్ణోగ్రత డిగ్రీల్లో ఉంటుంది; పాతికేళ్లు పంపు పక్కన నిలబడిన మనిషి అరచేయి ఆనించి, లేదా ఇనుప కడ్డీ ఒక కొసను బేరింగు మీద, రెండో కొసను చెవి దగ్గర పెట్టి, లోపలి గుళ్లలో ఏదో దెబ్బతిన్నదని చెబుతాడు. ఇంజనీరింగ్ డిగ్రీతో కొత్తగా వచ్చిన యువకుడు ఆ మాటను కొట్టిపారేస్తాడా, లేక పంపు విప్పించి చూస్తాడా అన్నదాని మీద ఆయన తర్వాతి ముప్పై ఏళ్ల గౌరవం ఆధారపడి ఉంటుంది. కార్మికులు ‘మంచి సారు’ అని తలచుకునే ఇంజనీర్లలో ఎక్కువమంది విప్పించి చూసినవారే. అలాంటివారి మరణవార్త విని గోదావరిఖని నుంచో మందమర్రి నుంచో రాత్రి బస్సెక్కి తార్నాకకు వచ్చే రిటైర్డ్ ఫిట్టర్లకు, సభలో వెనక వరుసలో కుర్చీ వేయడం కాక, మైకు ఇవ్వాలి. ఏ యంత్రం ఎప్పుడు ఎలా నిలబడిందో వాళ్లకు తెలిసినంతగా వేదిక మీది పెద్దలకు తెలియదు.

పంపులు, బెల్టులు, ప్రాణాలు

ప్రమాదం జరిగిన రోజున మాత్రం ఈ శాఖ అందరి కళ్లముందుకూ వస్తుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ఒక్కసారిగా చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ పేరు వినగానే బొగ్గు ప్రాంతంలో ఈనాటికీ మాట ఆగిపోతుంది. అలాంటి దుర్ఘటన తర్వాత కుటుంబాలకు కడచూపు దక్కడమన్నది కూడా పంపుల మీదే ఆధారపడి ఉంటుంది: ఎన్ని దించగలరు, వాటికి కేబులు ఎంత త్వరగా లాగగలరు, బురద నీటిలో అవి ఎంతసేపు నడుస్తాయి అన్నవే ఆ గంటల్లో ప్రశ్నలు.

దేశం గుర్తుంచుకున్న గని రక్షణ కథ 1989 నవంబరు నాటిది. పశ్చిమ బెంగాల్ రాణిగంజ్ దగ్గర మహావీర్ గనిలో నీరు చొరబడి 6 మంది చనిపోగా, లోపల చిక్కుకుపోయిన 65 మందిని ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ బయటికి తెచ్చారు. పైనుంచి కొత్తగా రంధ్రం తొలిపించి, మనిషి నిలబడగలిగేంత ఉక్కు గొట్టాన్ని తయారుచేయించి, ముందు తానే అందులో దిగి, ఒక్కొక్కరిని పైకి పంపారు. ఆయనకు దక్కిన పురస్కారాలు, 2023లో ఆ ఘటన ఆధారంగా వచ్చిన హిందీ చిత్రం అన్నీ న్యాయమైనవే. ఆ గొట్టాన్ని గంటల వ్యవధిలో వెల్డింగ్ చేసినవారు, దాన్ని దించిన వించీని రాత్రంతా ఆపకుండా నడిపినవారు కూడా ఆ కథలో ఉన్నారు. ప్రజల జ్ఞాపకంలో వారి పేర్లు లేవు.

తెలంగాణకు దగ్గరి ఉదాహరణ ఇటీవలిదే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయినప్పుడు, సింగరేణి రెస్క్యూ సిబ్బందిని పిలిపించారు. తార్నాక పక్కనున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నేల లోపలికి చూడగల రాడార్‌తో శిథిలాలను పరిశీలించారు. ఊరే నీటిని తోడే పంపులు, మట్టిని బయటికి మోసే కన్వేయరు బెల్టు అక్కడ కీలకమయ్యాయి. బెల్టు బాగుపడితే మట్టి కదిలింది, ఆగితే పని ఆగింది. 8 మందిలో ఎవరినీ ప్రాణాలతో తీసుకురాలేకపోయారు. అయినా వార్తలు చూసిన లక్షలమందికి, బెల్టు మరమ్మతు అనే పని మనుషుల బతుకుకు ఎంత దగ్గరగా ఉంటుందో ఆ రోజుల్లో అర్థమైంది. ప్లేడే నాడు గని దిగే ఇంజనీర్లకు అది ఏళ్ల తరబడి తెలిసిన సంగతి.

జ్ఞాపకాన్ని ఎక్కడ భద్రపరచాలి

ఇంతటి వృత్తి జ్ఞానం ఇప్పుడు ఎక్కువగా మాటల రూపంలో ఉంది, ఆ మాటలు కూడా డెబ్బై, ఎనభై ఏళ్లవారి దగ్గర ఉన్నాయి. కంపెనీ దస్త్రాల్లో యంత్రం కొన్న ధర, ఆగిన గంటలు దొరుకుతాయి. ఒక ఇంజనీరు ఫలానా రాత్రి ఎందుకు ఆపించాడో, ఏ అనుమానంతో ఏ భాగాన్ని మార్చాడో ఆయన సొంత డైరీలో ఉండవచ్చు, లేదా ఆయన మిత్రుడి జ్ఞాపకంలో ఉండవచ్చు. చాలా ఇళ్లలో ఆ డైరీలు పెద్దకర్మ అయిన కొన్నాళ్లకు పాత కాగితాలతో కలిసి వెళ్లిపోతాయి. ఈ నష్టం తిరిగి పూడ్చలేనిది, ఎందుకంటే మూతపడిన గనుల్లోకి వెళ్లి చూసే అవకాశం ఎవరికీ లేదు. నీళ్లు నిండిన పాత పనుల హద్దులు ఎక్కడున్నాయో, ఏ గొట్టాన్ని ఎక్కడ వదిలేశారో తెలియడం పక్క గని తవ్వేవారికి భద్రతా సమాచారం కూడా.

ఈ పనికి ఉస్మానియా ప్రాంగణం కంటే అనువైన చోటు కనబడదు. ఇంజనీరింగ్ కళాశాల, భూభౌతిక శాస్త్రం, చరిత్ర, తెలుగు శాఖలు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. చెప్పవలసిన పెద్దలలో కొందరు ప్రహరీ అవతలే నివసిస్తున్నారు. 2017 నవంబరు నుంచి తార్నాకకు మెట్రో కూడా ఉంది కనుక నగరం మరో చివర ఉన్నవారు సైతం రాగలరు. యంత్రశాస్త్రం చదివే విద్యార్థి ఒకరు, చరిత్ర చదివే విద్యార్థి ఒకరు జంటగా వెళ్లి అడగాలి. మొదటివారు లేకపోతే కవాటం గురించి సరైన ప్రశ్న రాదు, రెండోవారు లేకపోతే అది ఏ సంవత్సరమో, ఆ రోజుల్లో సమ్మె నడుస్తోందా, ఆ ఊళ్లో వరద వచ్చిందా అన్నవి నమోదు కావు. తెలుగులోనే అడగాలి, తెలుగులోనే రాయాలి. టబ్బు, హాలేజి, సంపు, ప్లేడే అని వాళ్లు పలికినట్టే ఉంచాలి.

అడగవలసిన ప్రశ్నలు కూడా సాధారణ జీవితచరిత్ర ప్రశ్నలు కావు. మీరు ఏ యంత్రాన్ని ఎవరి మాట కాదని ఆపించారు? విప్పి చూశాక లోపల ఏముంది? మీ అనుమానం తప్పయిన సందర్భం ఉందా, అప్పుడు మేనేజరు ఏమన్నారు? మీకు ముందుగా హెచ్చరిక చెప్పిన కార్మికుడు ఎవరు? కొత్త యంత్రం వచ్చినప్పుడు దాన్ని తెచ్చిన విదేశీ నిపుణులు చెప్పనిది, మీరు ఇక్కడి రాయి వల్లా నీటి వల్లా నేర్చుకున్నది ఏమిటి? ఈ ప్రశ్నలకు ఒక మనిషి తన గురించి తాను జవాబు చెప్పుకోవడానికి మొహమాటపడతాడు. చిరకాల మిత్రుడిని పక్కన కూర్చోబెడితే మొహమాటం పోతుంది. ఒకరు మరచినది మరొకరు అందుకుంటారు, పాత వాదన మళ్లీ లేస్తుంది, ఆ వాదనలోనే అసలు వివరాలు బయటపడతాయి. మిత్రుల్లో ఒకరు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే, మిగిలినవారి చేత సంస్మరణ సభలోనే చెప్పించి రికార్డు చేయాలి. కుటుంబ సభ్యులు ఒప్పుకుంటే డైరీలను, డ్రాయింగులను, పాత ఫొటోలను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నకలు తీసుకోనివ్వాలి.

సింగరేణి ఏటా డిసెంబరు 23న తన ఆవిర్భావ దినోత్సవం జరుపుకుంటుంది. ఆ రోజున ఉత్తమ ఉద్యోగులను సత్కరించే సంప్రదాయం ఉంది. ఈ సేకరణలో తొలి సంపుటాన్ని ఒక డిసెంబరు 23 నాటికి తయారుచేసి, కొత్తగా ఇ అండ్ ఎం శాఖలో చేరే యువ ఇంజనీర్ల శిక్షణలో చేర్చడం కంపెనీకీ విశ్వవిద్యాలయానికీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పని మొదలుపెట్టడానికి తార్నాక, హబ్సిగూడల్లో ఉన్న రిటైర్డ్ ఇంజనీర్ల జాబితా చాలు. వయసులో పెద్దవారి దగ్గరకు ముందు వెళ్లాలి.